మాదన్నపేట దాకా

కువైట్‌కు వెళ్ళే మనిషి సామాను సర్దుకోవాలి గాని, విశ్వేశ్వర్ పొద్దున్నుంచి సైకిలు కడుగుతూ కూర్చున్నాడు. ఆదివారం సాయంత్రం నాంపల్లిలో బొంబాయి రైలెక్కాలి. అక్కడి నుంచి విమానం. ఆపైన మూడేళ్ళ దాకా ఈ సైకిలు గోడకు ఆనుకుని తుప్పు పట్టవలసిందే. అయినా చైను విప్పి కిరసనాయిల్లో నానబెట్టి, పళ్ళ చక్రాన్ని పాత బనీనుతో ఒక్కో పన్నూ తుడుస్తున్నాడు. వంటగది గడపలో కూర్చుని కారప్పూస వత్తుతున్న సక్కుబాయికి ఆ వైభోగం చూసి ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, దాన్ని గూడ విమానంల తీస్కపోతవా ఏంది?"

"రేపటి సంది ఊరంత తిరగాలె. అందర్కి చెప్పి పోవద్దా?"

"చెప్పనీకె నోరుంటె చాలు. చైను కడుగుడు ఎందుకు?"

విశ్వేశ్వర్ ఇంకో పన్ను తుడిచాడు. ప్రయాణం ఖాయమైన దగ్గర్నుంచి అతని చేతులు ఏదో ఒక ఇనుప సామాను పట్టుకుంటే తప్ప నిలవడం లేదు. అతను వెల్డరు. పదిహేడో ఏట వెల్డింగు హోల్డరు పట్టినవాడు నలభైకి దగ్గరపడ్డాడు. కువైట్ కంపెనీ తరఫున పరీక్ష పెట్టిన దొర అతను అతికిన పైపును సుత్తితో కొట్టి, వంచి, రంపంతో కోసి చూసి, కాగితం మీద టిక్కు పెట్టాడు. ఆ టిక్కుకు సక్కుబాయి రెండు రోజులు ఏడ్చి, మూడోనాడు ఊరగాయ జాడీలు దించింది.

వాళ్ళుండేది మొగల్‌పురాలో, జైనబ్‌బీ ఇంటి వెనక భాగంలో రెండు గదులు. జైనబ్‌బీకి డెబ్భై ఏళ్ళు. భర్త పోయాడు, కొడుకులు వేరే ఉన్నారు. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ వీళ్ళ సంభాషణంతా విని, చేట పక్కన పెట్టింది.

"బేటా, ఉత్తగ పోతున్న అని చెప్పి పోవుడు కాదు. సఫర్‌కు పోయెటోడు ఇంటింటికి పోయి కహా సునా మాఫ్ చేయించుకోవాలె. మనం అన్నది, వాళ్ళు విన్నది, అంత మాఫ్. మా ఆయన హజ్‌కు పోయేటప్పుడు నాలుగు రోజులు తిరిగిండు. పోయినోడు వస్తడో రాడో అల్లాకు ఎర్క. మనసుల ముల్లు పెట్టుకోని ఓడ ఎక్కొద్దు."

"నేనెవర్ని ఏమన్న ఖాలా? నా పని నేను చేసుకున్న."

"అట్లనే అనుకుంటం అందరం." ఆమె మంచం దిగి, మోకాళ్ళు పట్టుకుంటూ సక్కుబాయి ముందుకు వచ్చింది. "సూడు, నేను మొదలు పెడుత. పోయిన ఎండకాలం నల్లా కాడ నిన్ను మస్తు మాటలన్న బిడ్డా. నీ బిందె గూడ ఎత్తి పారేసిన. కహా సునా మాఫ్ కర్."

సక్కుబాయి చేతిలో కారప్పూస గొట్టం ఆగిపోయింది. "అయ్యో ఖాలా! గదంత ఎప్పుడో మర్చిపోయిన. మాఫే."

"మాఫే అని ఊకుంటె కాదు. నువ్వు గూడ అన్నవు గద నన్ను. ముసల్దానికి చావు రాదేంది అన్నవు."

"అన్న," అని ఒప్పుకుంది సక్కుబాయి, ముఖం ఎర్రబడగా. "నన్ను గూడ మాఫ్ చెయ్యి ఖాలా."

"గిప్పుడు పూరా అయింది. ఒకరు అడిగితె ఇంకొకరు అడగాలె. ఒక్క దిక్కు మాఫీ మాఫీ కాదు," అని తీర్మానించి జైనబ్‌బీ మళ్ళీ చేట అందుకుంది.

ఆ చివరి మాట విశ్వేశ్వర్ చెవిలో పడింది, పడి అక్కడే ఉండిపోయింది. ఒకరు అడిగితే ఇంకొకరు అడగాలి. అది పద్ధతి. పద్ధతి తప్పడం ఈ బస్తీలో ఎంతటివాడికైనా నలుగురిలో నామోషీ. అతనికి వెంటనే గుర్తొచ్చిన మనిషి, తనకు పని నేర్పిన గురువు, గౌలిపురాలో వెల్డింగ్ షాపు నడిపే శివయ్య ఉస్తాద్. ఆరేళ్ళుగా అతను ఆ వీధి తొక్కలేదు. లాల్‌దర్వాజా వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

అన్నం తినేటప్పుడు సక్కుబాయికి చెప్పాడు. "రేపటి సంది తిరుగుత. శనివారం శివయ్య షాపుకు పోత."

సక్కుబాయి గరిటె పట్టుకుని అతని ముఖంలోకి చూసింది. "నువ్వు మాఫీ అడగనీకె పోతున్నవా, అడిగించుకోనీకె పోతున్నవా?"

"పద్ధతి ఎట్లుంటె అట్ల."

"ఆయన అడగడు. చెప్తున్న."

"అందరి ముందట అడిగితె ఎట్ల తప్పించుకుంటడు? పనోళ్ళు ఉంటరు, గిరాకీలు ఉంటరు. అందరు వినాలె. నా జాయింటు పచ్చిది కాదు అని ఆయన నోటితోనే రావాలె. అది విని రైలెక్కితె నాకింక ఏ ఫికర్ లేదు."

ఆరేళ్ళ కిందటి ఆ సంగతి సక్కుబాయికి కంఠతా వచ్చు. మాదన్నపేటలో వెంకట్రావు గారని కంచన్‌బాగ్‌లో సర్కారీ ఆఫీసులో పనిచేసే ఆయన ఇంటికి, డాబా మెట్ల పక్కన ఇనుప రెయిలింగు పెట్టే పని శివయ్య ఒప్పుకున్నాడు. గురువారం విశ్వేశ్వర్ వెళ్ళి రెయిలింగు నిలబెట్టాడు. అక్కడక్కడ చుక్కల్లాగా చిన్న అతుకులు వేశాడు. వాటిని టాకాలంటారు. బట్ట కుట్టేవాళ్ళు ముందు కచ్చా కుట్లు వేసుకున్నట్టు అన్నమాట. పూరా జాయింటు మర్నాడు చెయ్యాలి. మర్నాడు ఇంటావిడ కోటేశ్వరమ్మ వద్దు పొమ్మంది. ఆ మర్నాడు వెళ్తానంటే శివయ్య వేరే పనికి పంపాడు. ఆదివారం ఆమె తడిబట్టల బుట్టతో డాబా ఎక్కుతూ రెయిలింగు మీద చెయ్యి ఆనించింది. రెయిలింగుతో పాటు కింద పడింది, మణికట్టు విరిగింది. వెంకట్రావు గారు షాపు మీదికి వస్తే శివయ్య నలుగురి ముందూ, "ఈడు పచ్చిగ అతికిండు సారూ, ఈన్ని ఇయ్యాలనే తీసేస్తున్న," అన్నాడు. ఆ పూటతో షాపులో అతని పని పోయింది. పచ్చి జాయింటు విశ్వేశ్వర్ అన్న పేరు మాత్రం మిగిలింది. ఇప్పటికీ కొత్త గిరాకీ ఎవరైనా బేరం ఆడేటప్పుడు ఆ మాట బయటికి తీస్తారు.

"ఎందుకయ్యా," అంది సక్కుబాయి, మెత్తగానే. "పోయేముందట మళ్ళ ఆ లొల్లి నెత్తికెత్తుకుంటవు?"

"పోయేముందట కాకుంటె ఇంకెప్పుడు?"

*

ఊరంటే కొందరికి చుట్టపక్కాలు, కొందరికి తిండి, కొందరికి సినిమాహాళ్ళు. విశ్వేశ్వర్‌కు ఊరంటే ఇనుము. శుక్రవారం పొద్దున సైకిలెక్కి బయల్దేరితే, మనుషులకంటే ముందు అతను చేసిన గేట్లూ కిటికీ ఊచలూ పలకరించాయి. మీర్‌చౌక్‌లో పావురాల గూడు. శాలిబండ దవాఖానా కిటికీకి తామరపువ్వు నమూనా. సందు లోపల ఒక పరదా ఇంటికి నెలవంక నమూనా, పైగా ఆ నెలవంక వంపు కోసం ఊచను మూడుసార్లు కాల్చి వంచాల్సి వచ్చింది. ప్రతి చోటా దిగి, ఎవరూ చూడకుండా బొటనవేలితో అతుకు మీద రాసి చూశాడు. వేలికి ఎక్కడా గరుకు తగల్లేదు. సంతోషమేసింది. వెంటనే దిగులూ వేసింది, ఎందుకంటే ఇవన్నీ ఇక్కడే ఉంటాయి, తను ఉండడు.

మనుషులు కూడా బాగానే పలికారు. లాడ్‌బజార్‌లో గాజుల సేఠు, అతని దుకాణానికి మడత తలుపు చేసింది విశ్వేశ్వరే, మాఫీ అడగ్గానే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"అరె భాయ్, నీ తలుపు చప్పుడుకు మేడ మీద మా అత్త రోజు పొద్దుగాల లేచి నన్ను తిడుతది. గదొక్కటి తప్ప అంత మాఫ్." నవ్వి, ఆపైన గొంతు తగ్గించాడు. "నేను గూడ నిన్ను మస్తు తిప్పిన, రేపు రా మాపు రా అని. నువ్వు మాఫ్ చెయ్యి."

చార్మినార్ దగ్గరి ఇరానీ హోటల్లో గల్లా మీద కూర్చునే ముసలాయన, ఒక్క చాయ్ మీద గంటలు గంటలు కూర్చున్న పాపమంతా మాఫ్ చేశానన్నాడు. చేసి, తను ఒకసారి పాచిపోయిన బిస్కీట్లు అంటగట్టిన సంగతి తనే బయటపెట్టి, మాఫ్ చెయ్యమన్నాడు. ఎవరిని అడిగినా రెండో సగం వాళ్ళంతట వాళ్ళే అడుగుతున్నారు. జైనబ్‌బీ చెప్పిన పద్ధతి ఎంత గట్టిదో విశ్వేశ్వర్‌కు నమ్మకం కుదిరింది. శివయ్య మాత్రం ఎక్కడికి పోతాడు?

హోటల్ బయటికొచ్చి సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. జుమ్మా నమాజు విడిచిన జనం మక్కామసీదు నుంచి బిలబిలమని వస్తున్నారు. తోపుడు బండి మీద జామకాయలు కోసి ఉప్పూకారం చల్లుతున్నారు. రిక్షావాళ్ళు ఒకర్నొకరు తాతల దాకా తిట్టుకుంటున్నారు. యాదగిరిగుట్టా, ఏడుపాయల జాతరా తప్పితే అతను ఈ ఊరు దాటి ఎక్కడా పడుకోలేదు. కువైట్‌లో ఎవరితో మాట్లాడతాను, ఏ భాషలో తిడతాను, అలసిపోతే ఎవరి అరుగు మీద కూర్చుంటాను అనుకునేసరికి, టిక్కు పెట్టిన ఆ దొర మీద కూడా కోపమొచ్చింది. అలా నడిరోడ్డు మీద నిలబడి, నలభై ఏళ్ళ మనిషి, ఎవరూ చూడకుండా భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం షాపు నిండుగా ఉండే వేళ చూసుకుని గౌలిపురాకు వెళ్ళాడు. శివయ్య షాపు పెద్దదైంది. ముందు రేకుల పందిరి, రెండు మిషన్లు, పనివాళ్ళు ముగ్గురు. గేటు కొలతలిస్తూ ఒక గిరాకీ, పక్కన కూర్చుని చుట్ట కాల్చే ఇద్దరు ముసలివాళ్ళు. విశ్వేశ్వర్ మనసులో లెక్కపెట్టుకుని తృప్తిపడ్డాడు. సాక్షులు చాలు.

శివయ్య తల తెల్లబడింది గాని గొంతు తగ్గలేదు. "ఎవరు, విశ్వేశ్వరా? అరెరె, ఇన్నేండ్లకు తోవ దొరికిందా రా?"

"కువైట్ పోతున్న ఉస్తాద్. రేపే రైలు." సైకిలు స్టాండు వేసి, పందిరి మధ్యకు వచ్చి, అందరికీ వినపడేలా అన్నాడు. "సఫర్‌కు పోయేముందట మీ కాడికి వచ్చిన. కహా సునా మాఫ్ చెయ్యాలె."

సుత్తి పట్టుకున్న పనివాడు సుత్తి దించాడు. శివయ్య నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, లుంగీకి చేతులు తుడుచుకుని, లేచి వచ్చి విశ్వేశ్వర్ రెండు భుజాల మీదా చేతులు వేశాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

"ఎప్పుడో మాఫ్ చేసిన రా! నీ చేతిల ఎంత పొరపాటు జరిగినా, నేనెన్నడన్న మనసుల పెట్టుకున్ననా? నువ్వు నా చేతి కింద పని నేర్చుకున్న పోరనివి. పో, మంచిగ పో, పైకి రా."

చుట్ట ముసలివాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు. గిరాకీ కూడా ఊపాడు. శివయ్య చాయ్ తెప్పించాడు. విశ్వేశ్వర్ కప్పు పట్టుకుని నిలబడ్డాడు, రెండో సగం కోసం. చాయ్ సగమయింది. శివయ్య గిరాకీతో గేటు ఎత్తు గురించి మాట్లాడాడు. మళ్ళీ ఇటు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు వేలెత్తాడు. విశ్వేశ్వర్ కప్పు దించాడు.

"ఒక్క మాట యాదికుంచుకో. ఆడ జాయింటు పచ్చిగ ఇడిసిపెట్టకు. పరాయి దేశం. మన హైదరాబాదోళ్ళ ఇజ్జత్ పోతది."

పనివాళ్ళలో ఒకడు నవ్వు ఆపుకోవడానికి వంగి రాడ్లు ఏరుకోసాగాడు. విశ్వేశ్వర్‌కు చెప్పాల్సిన మాటలన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చి, ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. చివరికి అతని నోటి నుంచి వచ్చింది, "అచ్ఛా ఉస్తాద్," అన్న మాట. ఆ మాట తనే అన్నాడని సైకిలెక్కాక గాని తెలియలేదు. మోసం చేసినవాడే క్షమించేస్తే, ఇక మనిషి ఎక్కడ చెప్పుకోవాలి?

*

ఆ సాయంత్రం కారప్పూస డబ్బాలు సంచిలో సర్దుతున్న సక్కుబాయి, అతని ముఖం చూసి ఏమీ అడగలేదు. అడగనందుకు అతనికి ఇంకా ఉక్రోషమొచ్చింది. తనే వాకిట్లోకి వెళ్ళి జైనబ్‌బీ మంచం దగ్గర గొంతుక్కూర్చుని మొత్తం చెప్పాడు, చాయ్‌తో సహా.

"ఆయన అడగలే ఖాలా. ఉల్టా నాకే మాఫీ ఇచ్చి పంపిండు."

"అడగకుంటె అది ఆయన ఈమాన్, ఆయన మనసు. నీకేం?" అంది ఆమె. "అన్ని ఇండ్లు అయినయా?"

"అయినయి." ఆగి అన్నాడు. "మాదన్నపేటల ఒకటుంది. ఆడికి పోను."

"ఎందుకు పోవు?"

"ఆమె చెయ్యి ఇరిగింది నిజం. గని నేను శుక్రవారం పొద్దుగాలనే మిషను బండి మీద వేసుకోని పోయిన ఖాలా. ఆమెనే వద్దని పంపింది. ఆ సంగతి ఆమెకెర్క, నాకెర్క. ఆమె సారుకు చెప్పలే. చెప్పి ఉంటె నా పేరు ఇట్లయితుండెనా? ఇప్పుడు నేనే పోయి మాఫీ అడగాల్నా?"

జైనబ్‌బీ అతని వైపు తిరిగింది. ఆమె కళ్ళల్లో శుక్లాలు, ఎటు చూస్తుందో తెలియదు.

"ఆరేండ్ల సంది ఆమె ముంగట నిలబడి మాట్లాడినవా?"

"లేదు."

"అయితె పో బేటా. మాఫీ ఇచ్చినా, ఇయ్యకున్నా, నేను పోయిన అన్నది నీకుంటది."

రాత్రంతా పోనని అనుకుని, తెల్లారి స్నానం చేసి సైకిలు తీశాడు. సక్కుబాయి ఉతికిన చొక్కా అందించింది.

*

వెంకట్రావు గారు వరండాలో పేపరు చదువుతున్నారు. ఆదివారం కాబట్టి బనీను మీదున్నారు. గేటు చప్పుడుకు తలెత్తి, గుర్తుపట్టి, పేపరు మళ్ళీ ముఖానికి అడ్డం పెట్టుకోబోయి మానేశారు.

"నువ్వా? ఏం కావాలి?"

"ఊరు ఇడిసి పోతున్న సారూ. కువైట్‌కు, మూడేండ్లు. పోయేముందట మీ గడపకు వచ్చి మాఫీ అడగాలె అని వచ్చిన."

"ఇప్పుడడిగితే విరిగిన చెయ్యి అతుక్కుంటుందా?"

విశ్వేశ్వర్ చూపు పక్కకు పోయింది. వరండా చివర నుంచి డాబా మీదికి మెట్లు. మెట్ల పక్కన కొత్త రెయిలింగు, లావాటి గొట్టాలతో. ఎవరు చేశారో గాని గట్టిగా చేశారు. దాన్ని చూస్తూ, వెనక్కి తిరిగి వెళ్ళిపోతే ఎంత బాగుండునని అనుకుంటుండగా లోపల్నుంచి కోటేశ్వరమ్మ బయటికొచ్చింది. కొంగుకు చెయ్యి తుడుచుకుంటోంది. ఎడమ చేతి మణికట్టు దగ్గర ఎముక కొంచెం పక్కకు అతుక్కుని, చెయ్యి వంకరగా ఉంది.

"లోపలికి రా విశ్వేశ్వర్. గేటు దగ్గర నిలబడి మాట్లాడతారా ఎవరైనా?"

అతను వరండా మెట్టు దాకా వచ్చి ఆగాడు. ఆమె తలుపుకు ఆనుకుని, భర్త వైపు తిరిగి అంది.

"ఏమండీ, మీకో సంగతి చెప్పాలి. ఆ శుక్రవారం ఇతను వచ్చాడు, మిగతా పని పూర్తి చెయ్యడానికి. వరలక్ష్మీవ్రతం కదా, కలశం పెట్టుకున్నాను. ఇంట్లో నిప్పూ పొగా ఏమిటని నేనే వెనక్కి పంపేశాను."

వెంకట్రావు గారు పేపరు ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇన్నేళ్ళూ నాతో అనలేదేం?"

"ఎలా అనను? చెయ్యి విరిగి ఆస్పత్రిలో ఉన్నాను. మీరు చూస్తే ఆ శివయ్య మాట పట్టుకుని ఇతని మీద మండిపడుతున్నారు. తప్పు నాదేనంటే నన్నేమంటారోనని ఊరుకున్నాను. తరవాత చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇతను రోడ్డు మీద కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునేదాన్ని." విశ్వేశ్వర్ వైపు తిరిగింది. "నీ పని పోయిందని తెలిసింది నాయనా. నీకు అన్యాయం చేశాను. నన్ను క్షమించు."

విశ్వేశ్వర్ నిలబడిన చోటే నిలబడ్డాడు. ఈ మాట కోసమే కదా ఆరేళ్ళు. శివయ్య నోటినుంచి రాకపోయినా, విరిగిన చెయ్యి ఎవరిదో ఆమె నోటినుంచే, ఆమె భర్త ముందే వచ్చింది. గుండెల మీద నుంచి మిషను దింపేసినంత తేలికైంది. ఇంటికి వెళ్ళి సక్కుబాయికి ఎలా చెప్పాలో కూడా అప్పుడే మనసులో మొదలుపెట్టాడు.

"ఒక్క సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకు," అంది కోటేశ్వరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. చాలాకాలంగా తెలుసుకోవాలనుకున్నది అడిగినట్టు అడిగింది. "అది గట్టిగా అతకలేదని నాకు తెలీదు. చూడ్డానికి నిలబడే ఉంది. నీకు తెలుసు కదా. ఆ శుక్రవారం వెళ్ళేటప్పుడు, అమ్మా దీని మీద చెయ్యి ఆనించకండి అని ఒక్క మాట నాతో ఎందుకు చెప్పలేదు?"

విశ్వేశ్వర్ చూపు మెట్టు మీదికి దిగింది.

ఆ పొద్దు కళ్ళముందు కదిలింది. గౌలిపురా నుంచి మాదన్నపేట దాకా మిషను బండి ఒంటరిగా లాక్కొచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గుమ్మంలో ఆమె పట్టుచీరె కట్టుకుని, పాదాలకు పసుపు రాసుకుని నిలబడి, రేపు రా అంది, అంతే. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. చెయ్యి ఆనించొద్దన్న మాట అతని నోటిదాకా వచ్చింది. రేపు రమ్మనడానికి ఈమెకేం పోయింది, బండి గుంజేవాడికి తెలుస్తుంది అనుకున్నాడు. ఆ మాటను నోట్లోనే ఉంచుకుని బండి వెనక్కి తిప్పాడు. ఆరేళ్ళుగా ఆ మూడు రోజులనూ ఎన్నో వందలసార్లు తిరగేసుకున్నాడు గాని, ఎప్పుడూ ఈ ఒక్క చోట ఆగలేదు.

"మర్చిపోయి కాదమ్మా," అన్నాడు చివరికి. మెట్టు వైపు చూస్తూ అన్నాడు. "నోటిదాక వచ్చింది. వాపసు పంపిన్రని కోపం. ఆ కోపంల చెప్పలే."

వెంకట్రావు గారు కుర్చీలో కదిలారు.

మూడు రోజుల్లో మాఫ్ అన్న మాట ఊరంతా అన్నాడు. గాజుల సేఠుతో నవ్వుతూ అన్నాడు, శివయ్యతో వల వేసినట్టు అన్నాడు. ఇప్పుడు అతని చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "మాఫ్ చెయ్యుండ్రి అమ్మా. తప్పు చేసిన."

ఆమె వంకర చేతిని కుడిచేత్తో పట్టుకుని కాసేపు నిమురుకుంది. సిగ్గుతో అతను తలెత్తలేకపోయాడు.

"చేశాను నాయనా," అంది. "నువ్వూ నన్ను మాఫ్ చేశానను."

"చేసిన అమ్మా."

వెంకట్రావు గారు లేచి, లోపల్నుంచి కుర్చీ తెచ్చి అతని ముందు వేశారు. ఆ ఇంట్లో అతను కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. కాఫీ తాగుతుంటే ఆయన అడిగారు.

"శుక్రవారం సరే. శనివారం ఎందుకు రాలేదు?"

ఎవరైనా ఈ ప్రశ్న అడగాలని విశ్వేశ్వర్ ఎంతకాలం ఎదురుచూశాడో! జవాబు కూడా ఎప్పటినుంచో తయారుగా ఉంది, తిట్లతో సహా. తీరా ఇప్పుడు తిట్లు రాలేదు.

"వస్త అన్న సారూ. ఉస్తాద్ నన్ను పత్థర్‌గట్టీల షట్టర్ పనికి పంపిండు. ఎందుకు పంపిండో ఆయన్ని అడగాలె, నాకు తెల్వదు."

*

తిరిగి వస్తూ సైకిలును లాల్‌దర్వాజా చుట్టూ తిప్పలేదు. గౌలిపురా మీదుగానే వచ్చాడు. శివయ్య షాపుకు ఆదివారం సెలవుండదు. పనివాళ్ళు ఒక గేటును నేలమీద పరిచి అతుకుల మీద గట్టిపడ్డ పెంకు కొడుతున్నారు. చుట్ట ముసలివాళ్ళు వాళ్ళ చోట వాళ్ళున్నారు.

"ఏం రా, ఇంక పోలేదా?" అని పిలిచాడు శివయ్య.

విశ్వేశ్వర్ ఒక కాలు నేలమీద ఆనించి ఆగాడు. "సాయంత్రం రైలు ఉస్తాద్. మాదన్నపేట పోయి వస్తున్న."

శివయ్య చేతిలో కొలత టేపు ఆగింది. "మాదన్నపేటల ఎవరున్నరు?"

"మనం రెయిలింగ్ నిలబెట్టిన ఇల్లు. అమ్మను మాఫీ అడిగిన. టాకాల మీద ఉంది, చెయ్యి ఆనించొద్దు అని చెప్పకుంట వచ్చింది నేనే. కోపంల చెప్పలే. గది నా తప్పు. ఆమె ముంగట ఒప్పుకున్న, ఆమె మాఫ్ చేసింది."

"శాబాష్!" శివయ్య ముఖం విచ్చుకుంది. పందిరి కింద అందరివైపూ చూశాడు. "ఇన్నరా? నేను మొదటి సంది చెప్తనే ఉన్న. ఒప్పుకున్నోడే మొగోడు."

"నాది గంతనే ఉస్తాద్," అన్నాడు విశ్వేశ్వర్. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం అతనికి కనిపించలేదు. "శనివారం పొద్దుగాల నేను మాదన్నపేట పోత అంటె మీరు పోనియ్యలే. అది ఎటు పోతది, నిలబడే ఉంది గద అన్నరు. సారు ఇయ్యాల అడిగిండు, శనివారం ఎందుకు రాలేదని. ఉస్తాద్‌ని అడగాలె అని చెప్పిన."

పెంకు కొట్టే సుత్తులు ఒకటి తరవాత ఒకటి ఆగాయి. చుట్ట ముసలివాళ్ళలో ఒకాయన చుట్ట నోట్లోంచి తీసి శివయ్య వైపు చూశాడు. శివయ్య టేపు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టేసిన టేపును మళ్ళీ లాగి, మళ్ళీ చుట్టాడు.

"ఏందిరా, నన్ను ఆడికి పోయి ఆమెను మాఫీ అడగమంటవా? గీ వయసుల?"

"నేను కువైట్ దాకా పోతున్న ఉస్తాద్. మీకు మాదన్నపేట దాకనే గద."

అది దెప్పిపొడుపుగా అనలేదు. దూరం ఎంతో చెప్పినట్టు చెప్పి, సలాం చేసి పెడలు తొక్కాడు. వెనకనుంచి సుత్తి చప్పుడు చాలాసేపటి దాకా వినిపించలేదు.

ఇంటి దగ్గర సంచులు గడపలో వరుసగా పెట్టి ఉన్నాయి. సక్కుబాయి తాడుతో చివరి సంచి మూతి కడుతోంది. అతని చెప్పుల చప్పుడుకు తలెత్తింది.

"అయిందా?"

"నాది అయింది."

"మరి ఆ శివయ్యది?"

"ఆయనది ఆయన కాడనే ఉంది."

ఆమె ముడి గట్టిగా బిగించింది. "అయితె కాళ్ళు కడుక్కోని రా, అన్నం పెడుత. రైలు నీకోసం ఆగది."